టైరోసిన్‌కీ ట్రిప్టోఫాన్‌కీ మధ్య

కోడిగుడ్డు తెల్లసొన తెల్లగా ఉండదు. ఉడికాకే దానికి ఆ తెలుపు వస్తుంది. పచ్చిగుడ్డును గాజు గిన్నెలో కొట్టి, కిటికీ పక్కన పగటి వెలుతురులో పెట్టి చూడండి. నీళ్లలాంటి ఆ సొనలో లేత పసుపు, అందులో ఇంకాస్త పచ్చదనం, కనిపించీ కనిపించనట్టు ఒక ఛాయ ఉంటుంది. అది రైబోఫ్లేవిన్ రంగు. బి2 విటమిన్ అన్నమాట. మండపేట చుట్టుపక్కల కోళ్ల ఫారాల నుంచి ట్రేలు ట్రేలుగా లారీలెక్కి ఒడిశాకూ బెంగాల్‌కూ పోయే గుడ్లన్నిటిలోనూ ఆ ఛాయ ఉంది. అట్టు వేసుకునే తొందరలో దాన్ని చూసేవాళ్లెవరు?

ఆ విటమిన్ సొనలో ఒంటరిగా తిరగదు. 219 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ ఒకటి దాన్ని ఒడిసి పట్టుకుని ఉంటుంది. దాని పేరు రైబోఫ్లేవిన్ బైండింగ్ ప్రోటీన్. పచ్చసొనలోకి వెళ్లేదాన్ని కోడి కాలేయం ఈస్ట్రోజన్ ప్రేరణతో చేస్తుంది, తెల్లసొనలోకి వెళ్లేదాన్ని అండవాహిక చేస్తుంది. జన్యులోపం వల్ల దీన్ని చేయలేని కోళ్లు కొన్ని ఉన్నాయి. చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటాయి, గుడ్లూ పెడతాయి. కానీ పొదగేస్తే పదమూడో రోజు దగ్గర లోపలి పిండం చచ్చిపోతుంది. పిల్ల బయటికి రావాల్సింది ఇరవై ఒకటో రోజున. మన ఫారాల్లో లేయర్ కోడికి పుంజు జాడే తెలియదు, దాని గుడ్డులో పిల్ల ఉండదు. అయినా ప్రతి గుడ్డులోనూ ఆ ప్రోటీన్‌ని లోటు లేకుండా పెడుతూనే ఉంటుంది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పి. రాధాకాంత అడిగ ఈ ఒక్క ప్రోటీన్ చుట్టూ ఏళ్ల తరబడి పనిచేశారంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

1997లో ఇటలీలో హ్యూగో మొనాకో దీని త్రిమితీయ నిర్మాణాన్ని ప్రచురించాడు. అక్కడ మొదలైంది నా వ్యామోహం. రైబోఫ్లేవిన్‌లో మూడు వలయాలు కలిసిన ఒక చదునైన పలక ఉంటుంది. ఆ పలక ప్రోటీన్ లోతుల్లోకి దూరి, 75వ స్థానంలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికీ 156వ స్థానంలోని ట్రిప్టోఫాన్‌కీ మధ్య, రెండింటికీ సమాంతరంగా సర్దుకుని ఉంటుంది. టైరోసిన్‌కూ చదునైన వలయమే ఉంది, ట్రిప్టోఫాన్‌కూ ఉంది. మూడు చదునులు ఒకదానిమీద ఒకటి. మధ్యలో నీటి చుక్కకు కూడా చోటు లేదు.

ఇప్పుడు వెలుగు సంగతి. బి-కాంప్లెక్స్ మాత్రను నీళ్లలో కరిగించి, దొంగనోట్లు పట్టుకునే ఆ ఊదారంగు దీపం కింద పెడితే నీళ్లు పసుపుపచ్చగా మెరుస్తాయి. ఆ మెరుపు రైబోఫ్లేవిన్‌దే. ప్రయోగశాలలో శుద్ధమైన రైబోఫ్లేవిన్ ద్రావణంలోకి ఈ గుడ్డు ప్రోటీన్‌ని కొంచెం కొంచెంగా వదులుతూ పోతే మెరుపు తగ్గి తగ్గి చివరికి ఆరిపోతుంది. విటమిన్ ఎక్కడికీ పోలేదు, విరగలేదు, మారలేదు. టైరోసిన్‌కీ ట్రిప్టోఫాన్‌కీ మధ్య చేరింది, అంతే. ఆ ఇరుకులో అది పీల్చుకున్న శక్తిని వెలుగుగా తిరిగి ఇచ్చే వీలు లేదు. ఒక ప్రోటీన్ అణువుకి ఒక విటమిన్ అణువు, లెక్క తప్పదు. అందుకే ఆరిన వెలుగును కొలిచి, ఎన్ని అణువులు లోపలికి చేరాయో చెప్పేయవచ్చు. సంయోగం జరిగిందనడానికి సాక్ష్యం చీకటి కావడం! మన ప్రబంధకవులకు ఈ సంగతి తెలిసి ఉంటే ఎన్ని పద్యాలు వచ్చేవో.

పదకొండో శతాబ్దపు కాశ్మీరంలో క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్నాడు. ఏది ఎక్కడ ఉండాలో అది అక్కడ ఉండడం. అలంకారాలు ఎన్ని ఉన్నా ఔచిత్యం లేకపోతే రసం పుట్టదని ఆయన వాదం. రిసెప్టర్లను, అంటే కణం మీద ఉండి తనకు తగిన అణువునే పట్టుకునే ప్రోటీన్లను, చూసినప్పుడల్లా నాకు ఆనందవర్ధనుడి కంటే అభినవగుప్తుడి కంటే క్షేమేంద్రుడే ఎక్కువ పనికొస్తున్నాడు.

ఈ గుడ్డు ప్రోటీన్‌కు మన ఒంట్లో చుట్టాలున్నారు. ఫోలేట్ రిసెప్టర్లు వాళ్లు. మూత్రపిండంలోనూ, మాయలోనూ, మెదడుకు నీరందించే కణజాలంలోనూ కణం పైపొరకు అంటుకుని, దారిన పోయే ఫోలిక్ ఆమ్లాన్ని పట్టి లోపలికి చేరవేస్తాయి. ఆల్ఫా అనే రకం అండాశయ క్యాన్సర్ కణాల మీద విపరీతంగా పెరుగుతుంది కాబట్టి దాని మీదే మందుల పరిశోధన ఎక్కువ. 2013లో అమెరికాలోని వాన్ ఆండెల్ పరిశోధనా సంస్థ బృందం, ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకుని ఉన్న ఫోలేట్ రిసెప్టర్ ఆల్ఫా చిత్రాన్ని నేచర్ పత్రికలో ప్రచురించింది. ప్రోటీన్ నిర్మాణాల బహిరంగ ఖజానాలో దాని నంబరు 4ఎల్‌ఆర్‌హెచ్.

తెర మీద ఆ బొమ్మను తిప్పి, లోతైన గుంట దగ్గరికి వెళ్లి చూడండి. ఫోలిక్ ఆమ్లంలోనూ ఒక చదునైన పలక ఉంది, టెరిన్ అంటారు. అది దేని మధ్య ఉంది? 60వ స్థానంలో టైరోసిన్, 171వ స్థానంలో ట్రిప్టోఫాన్. మళ్లీ అదే జంట! కోడి దారీ మన దారీ విడిపోయి 30 కోట్ల ఏళ్లు దాటింది. అక్కడ పట్టుకునేది బి2, ఇక్కడ పట్టుకునేది బి9. అక్కడ గుడ్డు, ఇక్కడ మూత్రపిండం. పట్టుకునే తీరు మాత్రం అదే. ఒక రాగాన్ని ఇద్దరు విద్వాంసులు వేర్వేరు కృతుల్లో పాడినట్టు అనబోయాను, కానీ ఇది అంతకంటే కచ్చితమైనది. గుంట అడుగున 81వ స్థానంలో ఒక ఆస్పార్టిక్ ఆమ్లం కూర్చుని టెరిన్‌ని హైడ్రోజన్ బంధాలతో పట్టి ఉంచుతుంది. దాన్నొక్కదాన్నీ మారిస్తే పట్టు దాదాపు పదో వంతుకు పడిపోతుంది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది మాత్రం గుంట అడుగు కాదు, దాని వాకిలి. ఫోలిక్ ఆమ్లంలో మూడు భాగాలు: టెరిన్, మధ్యలో పారా-అమైనోబెంజోయిక్ ఆమ్లం, కొసన గ్లుటమేట్. మొదటి రెండూ లోపలికి పోతాయి. గ్లుటమేట్ మాత్రం వాకిట్లోనే, నీళ్ల వైపు చేయి చాపి ఉంటుంది. అంత గట్టి పట్టు పట్టే రిసెప్టర్ అతిథిని పూర్తిగా మింగదు, ఒక కొసను బయట వదిలేస్తుంది. తక్కువ రకం శిల్పి అయితే మొత్తం మూసేసేవాడు. వదిలేసిన ఆ కొస వల్ల ఏమొచ్చిందో తర్వాత చెబుతాను.

ఇంతకీ ఈ ప్రోటీన్ శాస్త్రవేత్తల చేతికి ఎలా వచ్చింది? కణం పైపొర నుంచి గీకి తీస్తే దొరికేది అత్యల్పం, పైగా వెయ్యి రకాల ఇతర ప్రోటీన్లతో కలిసిపోయి ఉంటుంది. కాబట్టి ప్రయోగశాలలో చేయించుకోవాలి. చేయించుకోవడమే, చేయడం కాదు. మనిషి చేసే పనల్లా జన్యువును రాసివ్వడం. ప్రోటీన్‌ని మడిచేది కణమే.

ఏ కణానికి ఇవ్వాలన్నది మొదటి ప్రశ్న. ఈ-కోలి బ్యాక్టీరియా చవక, వేగం. కానీ ఫోలేట్ రిసెప్టర్ ఆల్ఫాలో 16 సిస్టీన్లు రెండేసి జతకట్టి 8 డైసల్ఫైడ్ బంధాలుగా కుదరాలి. 16 సిస్టీన్లను 8 జతలుగా కలపడానికి 20 లక్షలకు పైగా మార్గాలున్నాయి, సరైనది ఒక్కటే. బ్యాక్టీరియా లోపలి వాతావరణంలో ఆ బంధాలు సరిగ్గా ఏర్పడవు. ప్రోటీన్ ముద్దగట్టి అడుగున పడుతుంది. దాని మీద మూడు చోట్ల చక్కెర గొలుసులు కూడా అతకాలి, ఆ విద్య ఈ-కోలికి రాదు. మా పక్కనే తాపేశ్వరం ఉంది కాబట్టి ఈ పోలిక నాకు తప్పదు: మడత కాజాకు మడతలు సరిగ్గా పడకపోతే అది పిండివంటే, కానీ పాకం నిలవదు. ఈ ప్రోటీన్‌కూ అంతే, మడత తప్పితే అమైనో ఆమ్లాలన్నీ ఉన్నా ఫోలిక్ ఆమ్లం నిలవదు.

అందుకే క్షీరద కణాలు. ఈ పనికి పరిశోధకులు ఎక్కువగా వాడేది హెచ్‌ఈకే 293 అనే మానవ కణాలను. 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఫ్రాంక్ గ్రాహం వాటిని స్థిరపరిచాడు. అది ఆయన 293వ ప్రయోగం కాబట్టి ఆ అంకె పేరులో మిగిలిపోయింది. కుదుపుతున్న ఫ్లాస్కులో, 37 డిగ్రీల వెచ్చదనంలో, కొంచెం కార్బన్ డయాక్సైడ్ కలిసిన గాలిలో అవి పెరుగుతాయి. రిసెప్టర్ జన్యువున్న డీఎన్‌ఏను లోపలికి పంపుతారు. పంపేముందు అందులో ఒక సవరణ చేస్తారు. మామూలుగా ఈ రిసెప్టర్ కొసకు కొవ్వు లంగరు ఒకటి తగులుకుని దాన్ని పైపొరకు కట్టి ఉంచుతుంది. లంగరు తగిలించమని చెప్పే ఆ చివరి వాక్యాన్ని జన్యువులోంచి కొట్టేస్తారు. ఇక కణం ప్రోటీన్‌ని మడుస్తుంది, సిస్టీన్లను జతకడుతుంది, చక్కెరలు తొడుగుతుంది, పైపొర దాకా మోసుకొస్తుంది. కట్టడానికి లంగరు లేక బయటి ద్రవంలోకి వదిలేస్తుంది. ఎడిటింగ్‌లో ఇంత సొగసైన కొట్టివేత నేను ఇంకెక్కడా చూడలేదు. ప్రకృతిలోనూ ఇలాంటిది ఉంది. ఆవుపాలలో ఈ కుటుంబపు ప్రోటీనే, లంగరు లేకుండా, ఫోలేట్‌ని పట్టుకుని తేలుతూ ఉంటుంది.

ఐదారు రోజులయ్యాక కణాలను వడకొట్టి ద్రవాన్ని తీస్తారు. ప్రోటీన్ కొసన ముందే అతికించిన ఆరు హిస్టిడిన్లు నికెల్ కాలమ్‌కు అంటుకుంటాయి, మిగతాదంతా కిందికి జారిపోతుంది. (ఈ ఆరు హిస్టిడిన్ల తోక నా కంటికి నచ్చదు. ఎంత పనికొచ్చేదైనా కవి రాయని పాదం అది.) తర్వాత పరిమాణాన్ని బట్టి వేరుచేసే మరో కాలమ్. కంప్యూటర్ తెర మీద గీత చదునుగా సాగుతూ సాగుతూ, ఒకచోట లేచి, ఒకే ఒక్క శిఖరం కట్టి, అంతే నున్నగా దిగితే పని పండినట్టు. శిఖరం పక్కన భుజంలాంటి వాపు ఉంటే కొన్ని అణువులు ముద్దకట్టాయని అర్థం. ఆ గీత కోసం రాత్రి తొమ్మిదింటికి కూడా కుర్చీ వదలని వాళ్లున్నారు.

ఆ శిఖరాన్ని గీసే యంత్రం ప్రోటీన్ 280 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలుస్తుంది. ఆ కాంతిని పీల్చుకునేవి ముఖ్యంగా ట్రిప్టోఫాన్లు, తర్వాత టైరోసిన్లు. చూశారా! ఏ జంట ఫోలిక్ ఆమ్లాన్ని మధ్యన దాచుకుంటుందో, ఆ జాతివాళ్లే ప్రోటీన్ వచ్చిందని మనకు కబురు చెబుతారు. ట్రిప్టోఫాన్‌కు తనదైన వెలుగూ ఉంది. పీల్చుకున్న కాంతిని కాస్త పొడవైన తరంగాలుగా తిరిగి వదులుతుంది. ఖాళీ రిసెప్టర్‌లోకి ఫోలిక్ ఆమ్లం రాగానే ఆ వెలుగు మందగిస్తుంది. గుడ్డు ప్రోటీన్‌లో అతిథి మెరుపు ఆరడం చూశాం. ఇక్కడ ఆరేది ఆతిథ్యం ఇచ్చేవాళ్ల మెరుపు. ఈ రెండు చీకట్లనూ పక్కపక్కన పెట్టి తలచుకుంటే వచ్చే ఆనందాన్ని నవరసాల్లో ఏదని చెప్పాలో నాకు తెలియదు. శృంగారానికి దగ్గర, అద్భుతానికి ఇంకా దగ్గర.

ఖాళీ రిసెప్టర్ అన్నాను. అది దొరకడం తేలిక కాదు, దాని వెనక మన గోదావరి మనిషి ఉన్నాడు. కణాలను పెంచే ద్రవాల్లో అందరికీ తెలిసిన డీఎంఈఎంలో లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. కణాలు విభజన చెందాలంటే అది కావాలి. ఆ సాంద్రత, ఫోలేట్ రిసెప్టర్ ఆల్ఫా సగం నిండడానికి కావలసినదానికి 40 వేల రెట్ల పైమాటే. కాబట్టి ఆ ద్రవంలోకి విడుదలైన రిసెప్టర్ ఏదీ ఖాళీగా ఉండదు, పుట్టీపుట్టగానే నిండిపోతుంది. ఖాళీది కావాలంటే ఫోలేట్ లేని ద్రవంలో పెంచాలి, లేదా ఆమ్లంలో కడిగి పట్టు సడలించాలి. ఒంట్లో కూడా రిసెప్టర్ ఫోలేట్‌ని వదిలేది కణం లోపలి ఆమ్లపు సంచుల్లోనే.

ఫోలిక్ ఆమ్లం చరిత్ర కొంత బొంబాయిలో జరిగింది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అక్కడి మిల్లు కార్మిక స్త్రీలకు గర్భంలో వచ్చే రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని కనిపెట్టింది. 1941లో టెక్సస్‌లో నాలుగు టన్నుల పాలకూర నుంచి చిటికెడు పదార్థాన్ని తీశారు. దాన్ని మనిషి చేత్తో తయారుచేయగలగడం 1945లో, లెడర్లీ ప్రయోగశాలల్లో. అక్కడి పరిశోధనకు సారథి భీమవరంలో 1895 జనవరి 12న పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు. పెద్ద బృందం చేసిన పని అది, దాన్ని ఒక్కడి పేరున రాసేస్తే అతిశయోక్తి. కానీ ఆ బృందాన్ని నడిపింది ఆయన. ఆయన సోదరుణ్ణి పొట్టన పెట్టుకున్నది స్ప్రూ అనే జబ్బు. ఆ జబ్బుకు తర్వాత మందయినదీ ఫోలిక్ ఆమ్లమే. 1948 ఆగస్టులో సుబ్బారావు పోయేనాటికి కణాలపై ఇలాంటి రిసెప్టర్ ఒకటి ఉందని లోకానికి తెలియదు. దాని జన్యువును చదివింది 1989లో.

ఇప్పుడు ఫ్లాస్కులోకి మళ్లీ చూడండి. కణాలకు వేసే మేతలో ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లం. ఆ మేత తిని కణాలు చేసిన రిసెప్టర్ మొట్టమొదట పట్టుకునేదీ అదే. ఔచిత్యం అంటే నాకు తెలిసినంతలో ఇంతకంటే ఉదాహరణ లేదు.

ఈ కుటుంబంలో మూడో సంతానం మరీ చిత్రం. ఫోలేట్ రిసెప్టర్ 4 అని పిలిచిన ప్రోటీన్ ఒకటి ఉండేది, కానీ అది ఫోలేట్‌ని పట్టదు. మరి ఏం పడుతుంది? 2014లో ఇంగ్లండ్‌లోని సాంగర్ సంస్థలో గావిన్ రైట్ బృందం జవాబు చెప్పింది. వాళ్లు శుక్రకణం పైనుండే ఇజుమో1 ప్రోటీన్‌ని హెచ్‌ఈకే కణాల్లో చేయించారు. పైపొర ప్రోటీన్ల పట్టు ఒకటికి ఒకటిగా చూస్తే బలహీనం, క్షణంలో జారిపోతుంది. అందుకని దాన్ని గుంపుగా కట్టి, అండకణపు జన్యువులను ఒక్కొక్కటిగా ధరించిన కణాల మీదికి వదిలారు. అది వెళ్లి పట్టుకున్నది ఈ అనాథనే. దానికి జూనో అని, రోమన్ల వివాహదేవత పేరు పెట్టారు. జూనో లేని ఆడ ఎలుకలకు సంతానం లేదు. ఫలదీకరణ జరిగిన అరగంట, ముప్పావుగంటలో అండం తన మీది జూనోను వదిలించుకుంటుంది, రెండో శుక్రకణం రాకుండా. ఒకే మూస మడత. కోడిగుడ్డులో బి2, మూత్రపిండంలో బి9, అండం మీద సాక్షాత్తూ వరుడు.

అన్ని రిసెప్టర్లూ ఇలా బయటికి తీయడానికి ఒప్పుకోవు. హైదరాబాద్ సీసీఎంబీలో అమితాభ ఛటోపాధ్యాయ బృందం దశాబ్దాలు వెచ్చించిన సెరటోనిన్-1ఏ రిసెప్టర్ పైపొరను ఏడుసార్లు గుచ్చుకుని ఉంటుంది. పొర నుంచి తీస్తే అది అది కాదు. ఆ పొరలోని కొలెస్టరాల్‌ని సైక్లోడెక్స్ట్రిన్‌తో లాగేస్తే రిసెప్టర్ పట్టు తగ్గిందనీ, కొలెస్టరాల్ తిరిగి ఇస్తే పట్టు వచ్చిందనీ వాళ్లు చూపించారు. 2021లో వచ్చిన నిర్మాణ చిత్రాల్లో ఆ గుంట పక్కనే కొలెస్టరాల్ కనిపించింది. అక్కడ రసం పద్యంలో లేదు, సందర్భంలో ఉంది. గొప్ప పనే. కానీ నా మనసు మాత్రం విడిగా నిలబడి కూడా చెడని ఫోలేట్ రిసెప్టర్ మీదే.

వాకిట్లో వదిలిన కొస సంగతి బాకీ ఉంది. ఆ కొస గుంటకు బయట ఉంటుంది కాబట్టి దానికి ఏదైనా తగిలించినా టెరిన్ పట్టు చెడదు. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయపు ఫిలిప్ లో అనే శాస్త్రవేత్త ఆ కొసను పట్టుకున్నాడు. గ్లుటమేట్ ఉండాల్సిన చోట టైరోసిన్ పెట్టి, దానికి ఒక రంగు అణువును తగిలించాడు. పఫోలాసయనిన్ అనే ఆ మందును 2021 నవంబరులో అక్కడి ఎఫ్‌డీఏ అండాశయ క్యాన్సర్ శస్త్రచికిత్సలో వాడడానికి ఆమోదించింది. రోగికి ముందుగా ఎక్కిస్తే, కణాల మీద రిసెప్టర్లు ఎక్కువున్న చోట చేరుతుంది. సర్జన్ ప్రత్యేక కెమెరాలో చూస్తే కంటికి కనబడని కణితి వెలుగుతుంది. గుడ్డులో అతిథి మెరుపు ఆరింది, ఫ్లాస్కులో ఆతిథేయి మెరుపు తగ్గింది. ఇక్కడ అతిథి సొంత దీపంతో వచ్చి, లోపలికి వెళ్లాక కూడా ఆర్పకుండా ఉంచింది. ఆ మరుసటి ఏడాది నవంబరులో ఇదే రిసెప్టర్‌ని గుర్తుపట్టే యాంటీబాడీకి విషాన్ని కట్టిన మిర్వెటుక్సిమాబ్ సొరావ్‌టాన్సిన్ కూడా ఆమోదం పొందింది. ఇలాంటి యాంటీబాడీ ఒక్కటి ఎంచుకోవాలన్నా ముందు శుద్ధమైన రిసెప్టర్ చేతిలో ఉండాలి.

ఏటా జనవరి 12న సుబ్బారావు పటానికి దండ వేసే కళాశాలలు మన రెండు గోదావరుల్లోనూ ఉన్నాయి. లెక్చరర్లకు నా విన్నపం ఒక్కటే. వచ్చే జయంతికి ఉపన్యాసం కాస్త తగ్గించి, ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో 4ఎల్‌ఆర్‌హెచ్ తెరిచి ప్రొజెక్టర్ మీద తిప్పి చూపించండి. డబ్బు కట్టక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ దించుకోనక్కర్లేదు, ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. పిల్లల చేత 60, 171 వెతికించండి.